గోడ ముద్ద

బహుళ దశమి

ఈ చిట్టా తిథులతో రాస్తున్నానని పై ఆఫీసులో నవ్వుకుంటారట. నవ్వుకోనీ. తేదీలు చూసి అలలు రావు, తిథులు చూసి వస్తాయి. అల బలంగా ఉంటేనే మాకు కరెంటు, కరెంటు ఉంటేనే నా యంత్రం, అదే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. అష్టమి ఇప్పుడే దాటింది కాబట్టి దీపాలు ఇంకా గుడ్డిగానే ఉన్నాయి.

పొద్దుటి నుంచి పంపుతోనే సరిపోయింది. ఎలక్ట్రాన్లు నడిచే దారిలో గాలి అన్నది ఉండకూడదు, ఆ గాలిని తోడే పంపు చూస్తే నాకంటే ముసలిది. విప్పి, కడిగి, నూనె మార్చి, మళ్ళీ బిగించాను. అది దగ్గింది. నేనూ దగ్గాను. ఇద్దరం పనిలోకి దిగాం.

తాతబ్బాయి గారు సముద్రపు గోడ పన్నెండో మలుపు నుంచి కోసి తెచ్చిన పలుకు బొమ్మ ఇవాళ పూర్తయింది. ఆయన గోడలోంచి బిళ్ళంత ముక్క కోస్తారు, అదే పలుకు. దాన్ని నేను కంటికి ఆనని రేకుగా చెక్కి యంత్రంలో పెడతాను. రేకుని కొంచెం వంచి ఒక నీడ తీస్తాను, ఇంకొంచెం వంచి ఇంకో నీడ. ఈ పక్క నుంచి ఆ పక్క దాకా తీసిన నీడలన్నిటినీ కంప్యూటరు కలిపి, గోడ కడుపులో ఉన్న రేణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందూ వెనకా లోతుతో సహా చూపిస్తుంది. ఆ రేణువులను ఊళ్ళో మేస్త్రీలు అంటారు. గోడకి ఎక్కడ బీట పడితే అక్కడ పగిలి, లోపలి జిగురు కార్చి, బీట పూడ్చి, ఖాళీ డొల్లలుగా మిగిలిపోతాయి. కూలి అడగని మేస్త్రీలు. గోడంతా చల్లినట్టు నిండుగా కనిపిస్తే ఆ మలుపు మంచిది.

పన్నెండో మలుపు బొమ్మ మంచిదే వచ్చింది. మా చెల్లెలు మరిడికి ఆ గోడ కిందే ఇల్లు వచ్చింది. కొత్తలంకలో ఇళ్ళన్నిటికీ వెనక గోడ అదే, దానికి అవతల సముద్రం. సముద్రం తరిమితే మూడు చోట్ల నుంచి లేచి వచ్చి, ఇన్నాళ్ళూ రేవులో తేలే పంటు మీద కాపురం చేసింది మరిడి. దాని కూతురు నడక నేర్చింది పంటు మీదే. పిల్లని నేల మీద నడిపిస్తే తూలుతుంది.

శుద్ధ త్రయోదశికి గోడ ముద్ద పెట్టుకున్నారు. ముద్ద తినాల్సింది నేనే.

బహుళ త్రయోదశి

గోడ ముద్ద గురించి పై ఆఫీసు కాగితాల్లో ఎక్కడా ఉండదు. వాళ్ళ సంతకం వాళ్ళది, మా నమ్మకం మాది. ఇక్కడ సముద్రానికి ఎవరూ వీపు పెట్టరు. వల లాగేటప్పుడు కూడా పక్కకి తిరిగి లాగుతారు. అలాంటిది, కొత్త మలుపు పూర్తయిన రోజు బొమ్మ తీసిన మనిషి గోడకి వీపు ఆనించి కూర్చుని మొదటి ముద్ద తినాలి. ఆ తర్వాతే జనం సామాను దింపుతారు. నాకు ముందు ఈ పని చేసిన ఆయన అలాగే తిన్నాడు, ఆయన పోయాక నేనూ తిన్నాను. ఇంతవరకు పప్పులో ఉప్పు ఎక్కువైందని తప్ప దాని గురించి ఆలోచించింది లేదు.

మధ్యాహ్నం మరిడి వచ్చింది. చెంగులో ఏదో మూటకట్టి ఉంది. తలుపు దగ్గరికి వేసి మరీ విప్పింది. గోడ పెచ్చు, నలిగి మూడు నాలుగు ముక్కలైంది.

"దండెం కట్టుకుందావని ఒక్క మేకు కొట్టేనక్కా. బిళ్ళలా ఊడొచ్చేసింది."

"గోడకి మేకులు కొట్టొద్దని చెప్పేరు కదే."

"చెప్పేరు. తడిబట్టలు నెత్తిన ఆరేసుకోమన్నారా?" అని, వెంటనే గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకు. తెలిత్తే ఇల్లు తీసేత్తారు. గోడకేం కాలేదని నువ్వొక్కసారి చూసి చెప్పు. అక్కడ కొంచెం చెమ్మగా కూడా ఉంది. కొత్త గోడ కదా, చెమట పడద్దంట. ఆయనన్నాడు."

ఆయనంటే మా మరిది గంగరాజు. ఆయన చెప్పని శాస్త్రం లేదు. అలాగే చూస్తానన్నాను. మరిడి నా గదిలో నీళ్ళు తాగి, అద్దంలో ముఖం చూసుకుని, ఆ ఇంటి వంటగట్టు ఎంత ఎత్తుందో చేత్తో చూపించి వెళ్ళింది. దాన్ని అంత సంతోషంగా చూసి చాలా కాలమైంది.

అమావాస్య

పోటు నిండుగా ఉంది, కరెంటుకి లోటు లేదు. పెచ్చు ముక్క ఒకటి చెక్కి యంత్రంలో పెట్టాను.

తాతబ్బాయి గారు తెచ్చే పలుకు మీద పసుపు బొట్టు ఉంటుంది. బొట్టు ఉన్న వైపు సముద్రం వైపు. దాన్ని ఎప్పుడూ పైకి ఉంచే చెక్కుతాం, పైకి ఉంచే యంత్రంలో పెడతాం. గోడ కట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి. మరిడి తెచ్చిన ముక్కకి బొట్టు లేదు, ఏది పైనో ఏది పక్కో తెలియలేదు. ఎలా కుదిరితే అలా పెట్టాను.

బొమ్మ కట్టాక యంత్రం చెడిపోయిందనుకున్నాను. మేస్త్రీలు చల్లినట్టు లేరు. బారులు తీరి ఉన్నారు. ఒక బారు, దాని పక్కన సన్నటి ఖాళీ, మళ్ళీ ఒక బారు. ఆ బారుల్లో ఒక్క రేణువు కూడా నిండుగా లేదు, అన్నీ పగిలిన డొల్లలే. మొన్నటి పలుకు మళ్ళీ పెట్టి చూస్తే బొమ్మ శుభ్రంగా వచ్చింది. యంత్రం బాగానే ఉంది.

ఈ వయసులో కొత్త సమస్యలు నాకెందుకు అనిపించింది. యంత్రం చెడి ఉంటేనే బాగుండేది, విప్పి కడిగేదాన్ని.

శుద్ధ విదియ

మా కేంద్రానికి పెద్ద దైవకృప గారు. ఆవిడకి బొమ్మ చూపించాను. పెచ్చు ఎక్కడిదని అడిగితే గోడ దగ్గర దొరికిందన్నాను. చెల్లెలి పేరు చెప్పలేదు.

"బొట్టు లేని పెచ్చు పట్టుకొచ్చి గోడని అనుమానిస్తే ఎలా పల్లాలమ్మా? ఎవరో మేకు కొట్టుంటారు. దెబ్బకి బీటలు పడవా?"

"బీటలు పడితే చెట్టు కొమ్మల్లా పడాలి కదండీ. ఇవి గీత గీసినట్టున్నాయి."

ఆవిడ కాసేపు చూసి, పన్నెండో మలుపు నుంచి ఇంకో పలుకు తెప్పించమన్నారు. తాతబ్బాయి గారు సాయంత్రానికే తెచ్చారు, బొట్టుతో సహా. మళ్ళీ చెక్కాను, మళ్ళీ వంచాను. మేస్త్రీలు నిండుగా, చల్లినట్టు. దైవకృప గారు ఊపిరి పీల్చుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ఆకలి కూడా వేయలేదు.

శుద్ధ తదియ

పొద్దున అట్లు పోసుకుంటుంటే తట్టింది.

నాలుగు అట్లు ఒకదాని మీద ఒకటి పళ్ళెంలో పడేశాను. పైనుంచి చూస్తే ఒక్క అట్టే. పళ్ళెం ఎత్తి పక్కనుంచి చూస్తే తప్ప ఎన్నున్నాయో తెలియదు.

నా యంత్రంలో రేకుని పూర్తిగా నిలువుకి వంచలేను. అరవై డిగ్రీలు దాటేసరికి చట్రం అడ్డం వస్తుంది, రేకు కూడా ఎలక్ట్రాన్లకి మందమైపోతుంది. అంటే మా బొమ్మ ఎప్పుడూ సగంలో ఆపేసిన ప్రదక్షిణే. పక్క అంచు నుంచి తీయాల్సిన నీడలు ఎన్నడూ తీయలేదు. అందుకే గుండ్రటి రేణువు మా బొమ్మల్లో బియ్యపు గింజలా సాగి కనిపిస్తుంది. అది అందరికీ తెలుసు, దాని మీద వేళాకోళాలు కూడా ఆడుకుంటాం. కానీ రేకులో పరుచుకుని పడుకున్న పొర సాగడం కాదు, అసలు కనిపించదు. ఆ సంగతి చదువుకునే రోజుల్లో నేర్చుకున్నదే. బొట్టు ఎప్పుడూ పైకే ఉండటంతో ఒకే దిక్కు ఎప్పుడూ చూడటం లేదని మాత్రం మాలో ఎవరికీ తట్టలేదు.

గోడ ముఖానికి సమాంతరంగా పొరలు విడిపోతుంటే, మేం ఎన్ని పలుకులు కోసినా అవి కనపడవు.

అట్లు చల్లారిపోయాయి. అలాగే తిన్నాను.

శుద్ధ పంచమి

తాతబ్బాయి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒకటో మలుపులో ఉంటారు, కొత్తలంకలో మొదటి ఇల్లు ఆయనదే. అరుగు మీద కోత బ్లేడు సాన పెడుతున్నారు. గోడ లోతు దాకా పొడుగు పలుకు కావాలని, దాన్ని పక్కకి పడుకోబెట్టి చెక్కుతానని చెప్పాను. బిళ్ళ ముక్కని పక్కకి తిప్పితే పైపై పొరలే తెలుస్తాయి, లోతు సంగతి తెలియదు.

ఆయన బ్లేడు పక్కన పెట్టారు. "సముద్రం మొకం పక్కకి తిప్పుతారాండి?"

"సముద్రాన్ని కాదండీ, రాయిని."

"అదీ ఇదీ ఒకటేనండి. మా అయ్య మొట్టమొదటి పలుకు కోసినప్పుడు పసుపెట్టి, మొకం పైకెట్టి, నువ్వు చూత్తానే ఉండమ్మా అని దణ్ణవెట్టేడు. మా పెద్దన్న వల లాగుతా ఒక్క చణం అటు వీపెట్టేడండి. మళ్ళీ కనపడలేదు. మీరు సదువుకున్నోరు, మీకు నేను చెప్పేదేముంది. నాచేత మాత్రం చేయించకండి."

"త్రయోదశికి ముప్పై కుటుంబాలు దిగుతాయండి ఆ గోడ కిందకి. మా మరిడి కూడా."

ఆయన మళ్ళీ బ్లేడు తీసుకున్నారు. కాసేపు నిలబడి వచ్చేశాను. మోకాళ్ళ నొప్పి. దారంతా ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

శుద్ధ నవమి

రెండు రోజులుగా కరెంటు లేదు. బట్టలుతుక్కున్నాను, పాత లెన్సులు తుడిచాను. పన్నెండో మలుపు వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ముద్దకి ఏం వండమంటారని అడిగిపోతున్నారు. ఏదైనా పర్వాలేదన్నాను. ఒకావిడ మాత్రం పట్టు వదలకుండా ఎండు రొయ్యల దగ్గర ఖాయం చేసుకుని వెళ్ళింది.

సాయంత్రం తాతబ్బాయి గారు వచ్చారు. చంకలో తువ్వాలు చుట్టిన పొడుగు పలుకు. చివర పసుపు బొట్టు.

"మీరే తిప్పండమ్మగారు. నేను చూడను," అని గది గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

నేను పలుకుని పక్కకి పడుకోబెట్టి బిగించాను. ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. దణ్ణమో, క్షమాపణో. నేను కూడా మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను. ఖర్చు లేదు కదా.

శుద్ధ దశమి

దొంతరలే. పలుకు ఈ చివర నుంచి ఆ చివర దాకా, సముద్రం వైపు నుంచి మన వైపు దాకా. పొరకీ పొరకీ మధ్య మేస్త్రీలందరూ పగిలి, ఉన్న జిగురంతా కార్చేసి ఉన్నారు. పూడ్చడానికి ఇక ఎవరూ లేరు.

దైవకృప గారు బొమ్మని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ఈసారి మేకు మాట ఎత్తలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు.

"రాస్తాను. పైనుంచి జవాబు రావాలంటే పౌర్ణమి దాటుతుంది. బొమ్మ అడ్డంగా ఎందుకు తీశారని అడుగుతారు. అయితే ఇన్నాళ్ళూ తీసినవన్నీ ఏంటని అడుగుతారు."

"అడగాల్సిందే కదండీ."

"అడగాల్సిందే. ఈలోపు పన్నెండో మలుపు మంచిదని నేను పెట్టిన సంతకం అలాగే ఉంటుంది. దాన్ని వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ముద్ద మాత్రం ఆఫీసుది కాదు పల్లాలమ్మా. అది నీది."

ఆవిడ మంచిదే. ఆ మంచితనంతో మొత్తం నా నెత్తిన పెట్టింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

శుద్ధ ద్వాదశి

మరిడికి ముందే చెప్పాలనిపించింది. వెళ్ళేసరికి కొత్త ఇంటి గడపకి పసుపు రాస్తోంది. పిల్ల గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ గోడే. చెమ్మ మచ్చ మరిడి చెప్పినదాని కన్నా పెద్దదిగా ఉంది.

అట్ల సంగతి చెప్పాను. అర్థమైంది దానికి. అర్థం కాకపోతే బాగుండు అనుకున్నట్టు చూసింది.

"ఎప్పుడు పడద్ది?"

"తెలీదే. రేపు పడొచ్చు. పదేళ్ళు నిలబడొచ్చు."

"పదేళ్ళు నిలబడొచ్చా?" ఆ మాట ఒక్కటే పట్టుకుంది. "అయితే తినెయ్ అక్కా. నాలుగు మెతుకులు తినెయ్. తర్వాత నీ బొమ్మలు నువ్వు తీసుకో, పైవోళ్ళు వచ్చి బాగు చేత్తారు."

"నేను తింటే సామాను దింపేస్తారే అందరూ. పిల్లలతో."

"దింపనీ. పంటు మీద మాదేమైనా బతుకా? రాత్రి తాడు తెగుద్దేమోనని కాలికి పిల్లని కట్టుకుని పడుకుంటాను. నీకు మెరకన గది ఉంది. నీకేం."

ఆ మాట గుచ్చుకుంది, నిజం కాబట్టి. నాకు ఏడుపు వచ్చింది, దానికీ వచ్చింది. ఇద్దరం ఏడవలేదు. పిల్ల తూలి పడితే లేపాను. పసుపు చేత్తోనే మరిడి నా చేతుల్లోంచి పిల్లని తీసుకుంది.

శుద్ధ త్రయోదశి

జనం అందరూ వచ్చారు. గోడ మొదట్లో అరిటాకు వేశారు. పీట వేశారు. మరిడే వడ్డించింది. ముద్దపప్పు, చింతకాయ పచ్చడి, ఎండు రొయ్యలు, నెయ్యి. నా ముఖంలోకి చూడలేదు.

కూర్చున్నాను. వీపు ఆనించాను. జాకెట్టులోంచి చల్లగా తగిలింది చెమ్మ. పప్పు కలిపాను. ముద్ద చేశాను. ఎదురుగా ముప్పై కుటుంబాల వాళ్ళు, వాళ్ళ చేతుల్లో మూటలు, బిందెలు, ఒకాయన భుజం మీద మడత మంచం. ఎవరో పిల్ల, "ఇంకా తినదేంటి?" అంది. తల్లి గదిమింది.

ముద్ద ఆకులో వదిలేసి లేచాను.

అన్నం ముందు నుంచి లేవడం ఎంత తప్పో నాకు తెలుసు. మా అమ్మ అయితే చెయ్యి విరిచేది. చెయ్యి కడుక్కోకుండానే, అట్ల గురించీ, బొట్టు గురించీ నాకు వచ్చినట్టు చెప్పాను. సగం మంది వినలేదు. గంగరాజు యంత్రాలు ఎన్నో చెప్తాయన్నాడు. వెనక నుంచి ఎవరో తిట్టారు. రొయ్యలు వండినావిడ మాత్రం ఒక్క మాట అంది. "అన్నం ముందు లేచేకా ఇంకేం చెప్తావమ్మా. తెలిసింది."

తాతబ్బాయి గారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. "పలుకు కోసింది నేనేనండి. పక్కకెట్టే చూసేం," అన్నారు. అంతమందిలో ఆ మాట చెప్పడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు.

అప్పుడు మరిడి అన్నం గిన్నె మీద మూత పెట్టింది. పిల్లని చంకన వేసుకుని, గిన్నె తీసుకుని, గడప మీద పసుపు తొక్కకుండా దాటి, రేవు వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు. దాని వెనక గంగరాజు, ఆ వెనక మడత మంచం ఆయన, ఒక్కొక్కరే.

పౌర్ణమి

పెద్ద పోటు వచ్చింది, వాన కూడా. పంటుల మీద జనం గోనెలు కప్పుకుని కూర్చున్నారు. గోడ పడలేదు.

రేవులో నీళ్ళకి వెళ్తే ఒకాయన అందరికీ వినపడేలా అన్నాడు, "బంగారం లాంటి గోడండి. దర్జాగా నిలబడింది." పడాలని నేను కోరుకోవట్లేదని ఎవరికి చెప్పను? కానీ మధ్య మధ్యలో కోరుకుంటున్నాను. అది ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది.

మరిడి పంటు చివర బట్టలు పిండుతోంది. పిలిస్తే పలకలేదు.

బహుళ తదియ

మిట్టమధ్యాహ్నం, ఎండ కాస్తోంది, గాలి కూడా లేదు. బస్తా దింపినట్టు చప్పుడైంది.

పన్నెండో మలుపులో గోడ పడలేదు. గోడ నుంచి ఒక పొర ఊడి పడింది, అంతే. మందం జానెడు కూడా ఉండదు, పొడుగు మాత్రం ఇళ్ళ వరసంతా. కప్పులన్నీ కూలాయి. మరిడి ఇంట్లో వంటగట్టు లేదు. పడిన పలకలో మేకు అలాగే ఉంది, దండెం తాడు కట్టి.

మనుషులెవరూ లేరు. కొబ్బరి చీపురు ఒకటి నలిగిపోయింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. సంతోషం కాదు, ఇంకేదో కూడా కాదు. నిద్ర వస్తున్నట్టు అనిపించింది.

బహుళ పంచమి

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. తగిన పరిశీలన జరిగే వరకు ముద్ద కార్యక్రమం వాయిదా వేసుకోవచ్చునట. దైవకృప గారు చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టారు.

పంపు మళ్ళీ దగ్గుతోంది. పదకొండు మలుపులున్నాయి. అన్నిటినీ పక్కకి తిప్పి చూడాలి. అన్నిటి కిందా మనుషులున్నారు, సంసారాలు, ఉట్లు, దండేలు. కొన్నిటి కింద ముద్ద తిన్నది నేనే.

తాతబ్బాయి గారు ఒకటో మలుపు పలుకు తెచ్చారు. తన ఇంటి వెనక నుంచే కోశారు. బిగిస్తుంటే ఈసారి గోడ వైపు తిరగలేదు. స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

అప్పుడే మరిడి వచ్చింది. చేతిలో గిన్నె. త్రయోదశి నుంచి నాతో మాట్లాడలేదు.

"ఆ రోజు తినకుండా లేచిపోయేవు," అంది. మూత తీసింది. ముద్దపప్పు, ఎండు రొయ్యలు. "తిను."

కిటికీ వైపు, సముద్రానికి ఎదురుగా కూర్చుని తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు. అది నా పక్కనే నిలబడి, నేను మెతుకు వదలకుండా తినే దాకా చూసింది.

చెయ్యి కడుక్కుని వచ్చేసరికి బొమ్మ కడుతోంది. మసకగా ఉన్నది కొంచెం కొంచెంగా తేరుకుంది. ముందు ఒక గీత. దాని పక్కన ఇంకో గీత.

"అట్లేనాండి?" అన్నారు తాతబ్బాయి గారు.

"అట్లేనండి."

ఆయన తల ఊపారు. గోడ కట్టిన నాటి నుంచీ ఆయన ఆ ఇంట్లోనే ఉన్నారు. చేతులు తొడల మీద పెట్టుకుని తెర వైపే చూస్తున్నారు.

మరిడి గిన్నె మీద మూత పెట్టింది.

"మా పంటు మీద చోటుంది బాబాయ్," అంది. "ఎల్లి సర్దుతాను. మంచాలు మాత్రం తెచ్చుకోండి."